సీసాలో మందెంత

ప్రభుత్వ పరీక్షల ప్రయోగశాలలో, రెండో అంతస్తు చివరి గదిలో కూర్చునే పెద్దమనిషిని అందరూ తూకాలాయన అనేవారు. పోలీసులు పట్టుకున్న మత్తు పదార్థాలన్నీ ఆయన బల్ల మీదికే వచ్చేవి. ఆయన తూచి, ఇది ఫలానా మత్తు, దీని బరువు ఇంత అని రాసి సంతకం పెడితే, దాన్నిబట్టి అవతలివాడికి ఆర్నెల్లా పదేళ్ళా అన్నది తేలేది. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ, అదే బల్ల. గాలి తగిలితే త్రాసు మీద అంకె వణుకుతుందని మండువేసవిలో కూడా ఫ్యాను వేయనిచ్చేవాడు కాదు. చెమట తుడుచుకుంటూ, ఎవరూ అడక్కపోయినా, "త్రాసుకు చుట్టాలుండరు" అనేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు. తన పని తనకు వచ్చునన్న గర్వం తప్ప ఇంకో దురలవాటు లేదు. ఆ ఒక్కటీ చాలునని తర్వాత తేలింది.

అలాంటి మనిషిని ఒకరోజు నిండు కోర్టులో నవ్వులపాలు చేశారు. ఎవడి దగ్గరో కిలో పొడి దొరికింది. అందులో మత్తు నూటికి నాలుగు పాళ్ళు, మిగతాదంతా సుద్ద. పాత చట్టం ప్రకారం కల్తీ సరుకును లెక్కలోంచి తీసేసి, అసలు మత్తెంతో చెప్పాలి. అది నలభై గ్రాములు దాటితే పెద్ద శిక్ష, దాటకపోతే చిన్న శిక్ష. తూకాలాయన మూడుసార్లు పరీక్ష చేశాడు. మూడుసార్లూ మూడు అంకెలు వచ్చాయి. పరీక్షల్లో అది మామూలే. ఆయన మూడింటినీ నిజాయితీగా కాగితం మీద పెట్టాడు.

ముద్దాయి తరఫున వచ్చినవాడు వెదురుబద్దలా సన్నగా, పొడుగ్గా ఉండే లాయరు. ఆ కాగితం చూడగానే ఆయన కళ్ళు మెరిశాయి.

"అయ్యా, తమరు పెద్ద చదువులు చదివినవారు. ఒక్క ముక్కలో చెప్పండి. ఇందులో మందెంత?"

"సుమారు నలభై గ్రాములండీ."

"సుమారా? మావాడు జైలుకెళ్తే సుమారుగా వెళ్తాడా?"

"ముప్పై ఎనిమిదికీ నలభై మూడుకీ మధ్య ఉంటుందండీ."

"అంటే మీ త్రాసు పొద్దున ఒక మాట, మధ్యాహ్నం ఒక మాట, సాయంత్రం ఇంకో మాట చెబుతుందన్నమాట. దీనికంటే మా ఆవిడే నయం. తప్పో ఒప్పో ఒకటే మాట మీద ఉంటుంది."

కోర్టంతా గొల్లుమంది. జడ్జిగారు కూడా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అనుమానం ఉందని పెద్ద శిక్ష కొట్టేశారు, ముద్దాయి అప్పటికి జైల్లో ఉన్న రోజులు చాలన్నారు. వాడు పోతూ పోతూ తూకాలాయనకు దణ్ణం పెట్టి మరీ వెళ్ళాడు. ఇంటికొచ్చాక ఆయన అన్నం ముట్టలేదు. పెళ్ళాం ఏమైందని అడిగితే కడుపులో బాగాలేదన్నాడు. బాగాలేనిది కడుపు కాదు.

ఆ పుండు మానకముందే, మత్తు పదార్థాల చట్టాన్ని సవరించడానికి ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. సభ్యులు ఏడుగురు. నిపుణుల అభిప్రాయం కావాలని తూకాలాయనకు కబురు పంపారు. ఆయన చొక్కా ఇస్త్రీ చేయించుకుని, ఆ మూడు అంకెల కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళాడు. పొడుగాటి బల్ల, మంచినీళ్ళ గ్లాసులు, గోడ మీద ఆగిపోయిన గడియారం. అధ్యక్షురాలు ఓపిక ఉన్న మనిషిలాగే కనిపించింది.

"మీ ఇబ్బందేమిటో చెప్పండి" అంది.

"మొత్తం తూచనివ్వండి మేడం" అన్నాడు తూకాలాయన. "కలిపిందేదైనా సరే, పొడైనా ద్రవమైనా, మొత్తం బరువే మందు బరువని రాసేయండి. బరువు విషయంలో త్రాసు తడబడదు. అందులో అసలు మందెంత అన్న ప్రశ్నే దొంగలకు దారి చూపిస్తోంది. ఆ ప్రశ్న కోర్టులో అడక్కుండా చెయ్యండి."

సభ్యుల్లో ఒక ముసలి డాక్టరుండేవాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "మరి రోగుల మాటేమిటండీ? నొప్పి మందులు ఇళ్ళల్లో ఉంటాయి. ద్రవంలో కలుపుకుని తాగేవాళ్ళుంటారు" అన్నాడు.

"రోగికి డాక్టరు చీటీ ఉంటుంది కదండీ, మినహాయింపు ఉండనే ఉంది."

"రోగి పోయాక?"

ఇక్కడ తూకాలాయన రెండు క్షణాలు ఆలోచించాడు. అంతకుమించి ఆలోచించలేదు. "ముప్పై రోజుల్లోగా మిగిలిన మందు తిరిగి అప్పగించాలని పెట్టండి. కంపెనీ ప్యాకింగులోనే అప్పగించాలి. విప్పి కలిపేసిన సరుకైతే అదేదో మాకు ఎలా తెలుస్తుంది? ఆ సందులోంచి దొంగలందరూ దూరతారు."

బాగుందన్నారు. రాసుకున్నారు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు ఏడుగురూ తలా ఒక సంతకం పెట్టారు, డాక్టరుతో సహా. సభలో బిల్లు ఒక్క పూటలో గట్టెక్కింది. బల్లలు చరిచారు. కిలో దాటిన మిశ్రమం దగ్గరుంటే పదేళ్ళకు తగ్గని జైలు, బెయిలు లేదు. కిలో లోపయితే జడ్జిగారి దయ, జరిమానాతో కూడా పోవచ్చు. మిశ్రమంలో అసలు మందెంత అన్నది విచారణలో అడగరాదు, చెప్పరాదు. తూకాలాయన ఆ గెజెటు ప్రతి ఒకటి తెచ్చుకుని సొరుగులో దాచుకున్నాడు. మనవడి ఫొటో దాచుకునేవాళ్ళు కూడా అంత భద్రంగా దాచుకోరు.

ఈయనకు ఒక అక్క ఉంది. తల్లి పోయేనాటికి ఈయనకు పదేళ్ళు, ఆమెకు పద్దెనిమిది. బట్టలు కుట్టి తమ్ముణ్ణి చదివించింది. వచ్చిన సంబంధాలన్నీ, వీడి చదువు అయ్యాక చూద్దాం లెండి అని తిప్పి పంపింది. చివరికి గడియారాలు బాగుచేసే ఒకాయన, తమ్ముడితో సహా రమ్మన్నాడు కాబట్టి ఆయన్ని చేసుకుంది. ఆ బావే ఈయనకు పట్టకారు పట్టడం నేర్పాడు, ఊపిరి బిగబట్టి చిన్న చిన్న చక్రాలు ఎత్తి పెట్టడం నేర్పాడు. తూకాలాయన చేతికి ఉన్న ఆ నిలకడంతా బావ పెట్టిన భిక్ష.

ఆ బావకు గొంతులో పుండు లేచింది. రాచపుండు. ఆస్పత్రివాళ్ళు చెయ్యాల్సింది చేసి, ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నొప్పికి మార్ఫిన్ మాత్రలు రాసిచ్చారు. వంద మాత్రల డబ్బా. మాత్ర మింగుడు పడేది కాదు. నూరి నీళ్ళలో ఇస్తే చేదుకు కక్కేసేవాడు. అక్క ఫోను చేసింది.

"ఒరేయ్, మీ బావ ఈ మందు ఉమ్మేస్తున్నాడురా. పిల్లాడిలా మొహం తిప్పేసుకుంటున్నాడు. ఏం చెయ్యను?"

"పంచదార పాకంలో కలుపక్కా. రెండు వంతులు పంచదార, ఒక వంతు నీళ్ళు. చిక్కగా ఉంటే చెడిపోదు కూడా."

"పూటపూటకీ కలుపుకుంటాలే."

"వద్దు వద్దు. పూటకో రకంగా వస్తుంది. ఒక చెంచా ఎక్కువ, ఒక చెంచా తక్కువ అయితే కష్టం. మొత్తం వందా ఒకేసారి లీటరు పాకంలో వేసి బాగా కలిపెయ్. పెద్ద చెంచాడు పోస్తే సరిగ్గా ఒక మాత్ర. లెక్క లెక్కలా ఉంటుంది."

అక్క లెక్కను లెక్కలాగే పెట్టింది. లీటరు గాజు సీసాలో కలిపి, 'పెద్ద చెంచా – ఒక మాత్ర' అని చీటీ రాసి అంటించింది. ఖాళీ మందు డబ్బాను, ఇల్లు శుభ్రంగా ఉంచుకునే మనిషి కాబట్టి, చెత్తలో పడేసింది. బావ ఆ పాకాన్ని నాలుగు రోజులు ఉమ్మకుండా తాగాడు. ఇరవై నాలుగు చెంచాలు. అయిదో రోజు పొద్దున, చెంచా నోటి దగ్గర పెట్టేసరికే మనిషి లేడు. అక్క ఆ చెంచాలోది మళ్ళీ సీసాలో పోసేసింది. వృథా చేసే అలవాటు లేదు ఆమెకు.

అన్నీ అయ్యాక, మూడు వారాలకు మళ్ళీ ఫోను చేసింది.

"ఆయన మందు మిగిలిపోయిందిరా. చూసినప్పుడల్లా ఏడుపొస్తోంది. పారబోసెయ్యనా?"

తూకాలాయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఇన్నాళ్ళకు ఇంట్లోవాళ్ళు ఆయన ఉద్యోగానికి సంబంధించిన ప్రశ్న అడిగారు.

"అయ్యయ్యో, అలాంటి పని చెయ్యకు. అది నేరం. కొత్త చట్టం వచ్చిందక్కా, నేను చెప్తేనే పెట్టారు ఆ సెక్షను. ముప్పై రోజుల్లో తిరిగి అప్పగించాలి. మా ఆఫీసు కిందే కౌంటరుంది. డాక్టరు చీటీ, బావ మరణ పత్రం పట్టుకుని, ఉన్నది ఉన్నట్టు తీసుకొచ్చి ఇచ్చెయ్. రసీదిస్తారు."

తన నోటితో చెప్పిన పాకం తనకే గుర్తు రాలేదు. మిగిలిన మందంటే ఆయన కళ్ళ ముందు కంపెనీ డబ్బా, అందులో మాత్రలు, అంతే కనిపించాయి. రోజూ గ్రాములో వెయ్యోవంతు తేడా పట్టే మనిషి లీటరు సీసా మరిచిపోయాడు. అక్క సరేనంది. ఇరవై ఏడో రోజున సీసా పైన జిగురంతా తడిగుడ్డతో తుడిచి, గుడ్డ సంచిలో పెట్టుకుని, కాగితాలు చేత్తో పట్టుకుని వెళ్ళి వరసలో నిలబడింది. తమ్ముడు పనిలో ఉంటాడు, ఇప్పుడు పైకెళ్ళి విసిగించడమెందుకు, రసీదు తీసుకున్నాక చూసిపోదాం అనుకుంది.

కౌంటరులో ఉన్న ఇన్‌స్పెక్టరు సీసా ఎత్తి వెలుతురులో చూశాడు.

"ఇదేంటమ్మా?"

"మా ఆయన నొప్పి మందు బాబూ. మాత్రలు మింగలేక పాకంలో కలిపాను."

"కంపెనీ ప్యాకింగేది?"

"డబ్బా పడేశాను కదా."

"అయితే ఇది అప్పగింత కిందికి రాదమ్మా. దగ్గర పెట్టుకున్నట్టు లెక్క."

"దగ్గరెక్కడ పెట్టుకున్నాను నాయనా, మీకిచ్చేశాను కదా!"

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు, కసరనూ లేదు. కొత్త చట్టం పుస్తకం తెరిచి, ఆ సెక్షను మీద వేలు పెట్టి చూపించాడు. కూర్చోమని కుర్చీ వేశాడు. తాగడానికి నీళ్ళిచ్చాడు. తర్వాత సీసాకు గుడ్డ చుట్టి, లక్క కరిగించి ముద్ర వేసి, నంబరు రాసి పైకి పంపాడు. తూచేవారికి పేరు తెలియకూడదని నియమం. అదీ మంచికి పెట్టిందే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక తూకాలాయన ముద్ర పగలగొట్టి గుడ్డ విప్పాడు. గాజు సీసా. చీటీ. 'పెద్ద చెంచా – ఒక మాత్ర.' చిన్నప్పుడు తన పుస్తకాల అట్టల మీద పేరు రాసిపెట్టిన చేతిరాత అది. ఆయన స్టూలు లాక్కుని దాని మీద కూర్చున్నాడు.

పక్క బల్ల దగ్గర పదేళ్ళుగా ఆయన కింద పనిచేస్తున్న సహాయకురాలు చీటీ చదివింది. ఎవరిదో ఆమెకు తెలియదు. అయినా సంగతి అర్థమైంది.

"ఎవరో రోగి మందు సార్ ఇది. పాపం" అంది.

మొదట సీసాతో కలిపి తూచారు. తర్వాతిది అసలు సంగతి. అంతకుముందు వేరే ఎవరున్నా, ద్రవాన్ని గాజు పాత్రలోకి వంపి, జారి పడినంతే తూచేవారు. సీసా గోడలకు అంటుకున్నది లెక్కలోకి రాదు. తూకాలాయన వచ్చాక ఆ పద్ధతి తీసేశాడు. ద్రవం తీసి పక్కన పెట్టి, సీసాను మూడుసార్లు కడిగి, ఆరబెట్టి, ఖాళీ సీసాను తూచి, మొదటి బరువులోంచి తీసేయాలి. చుక్క తప్పించుకోదు. ఈ పద్ధతికి ఆయనకు ఒక ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. అది ఆ గది గోడ మీదే వేలాడుతోంది. అయితే చిక్కటి సరుకైతే పాత పద్ధతిలో వంపినా తప్పు లేదని నియమావళిలో ఒక వాక్యం ఇంకా మిగిలే ఉంది.

ఇలాంటి సీసా ఖాళీగా ఎంతుంటుందో ఆయనకు చూపుతోనే తెలుసు. మనసులో తీసివేత జరిగిపోయింది. కిలో మీద పదకొండు గ్రాములు. ఒక్క పెద్ద చెంచా పాకం పదమూడు గ్రాములు తూగుతుంది. బావ ఇంకొక్క చెంచా మింగి పోయుంటే అక్క బయటపడేది.

సహాయకురాలు కూడా కాగితం మీద అదే లెక్క వేసింది. గొంతు తగ్గించి, "సార్, వంపి తూద్దాం. ఇంత చిక్కటి పాకం ఇరవై గ్రాములకు తక్కువ కాకుండా గోడలకే అంటుకుంటుంది. నియమంలో ఉన్నదే. నేనూ సంతకం పెడతాను" అంది.

తూకాలాయన చెయ్యి గాజు పాత్ర మీదికి పోయింది. పరాయి మనిషి సీసా అయ్యుంటే వంపేవాడేమో కూడా. కానీ గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయనకు అప్పుడే భయం పట్టుకుంది. రేపు ఈ మనిషి తన అక్క అని బయటపడితే? ఇన్నాళ్ళూ కడిగి తూచినవాడు ఇవాళే ఎందుకు వంపాడని అడిగితే? పాకం ఎవరు చెప్పారంటే? సన్న లాయరు మళ్ళీ నవ్వుతూ నిలబడితే? అక్క జైలు సంగతి ఆయనకు ఆ క్షణంలో గుర్తు లేదని కాదు. ఉంది. కానీ ముందు తన కుర్చీ గుర్తొచ్చింది. ఇలాంటివాళ్ళను తిట్టడం తేలిక. తిట్టాల్సిందే.

"మన పద్ధతి మనకుంది కదమ్మా" అన్నాడు.

కడిగారు. మూడుసార్లు కడిగారు. ఆరబెట్టారు. తూచారు. వెయ్యిన్ని పదకొండు గ్రాములు. మనసులో వేసిన లెక్కకూ త్రాసు చెప్పినదానికీ ఒక్క గ్రాము కూడా తేడా రాలేదు. సిగ్గుచేటు గానీ, ఆయనకు లోపలెక్కడో కాస్త తృప్తి కలిగింది. పాకాన్ని తిరిగి సీసాలో పోయించి, రిజిస్టరులో రాసి సంతకం పెట్టాడు. సహాయకురాలు సాక్షి సంతకం పెట్టి, ఆ పూట మళ్ళీ ఆయనతో మాట్లాడలేదు.

మర్నాడు, చట్టం అడగకపోయినా, ఎవరూ చెప్పకపోయినా, మిగిలిన నమూనాలోంచి అసలు మందెంతో పరీక్ష చేశాడు. మూడుసార్లు చేశాడు. సీసా మొత్తంలో ఉన్నది ముప్పాతిక గ్రాము మీద పిసరంత. మూడుసార్లూ అదే అంకె. ఇరవై రెండేళ్ళలో అంత శుభ్రంగా కుదిరిన పరీక్ష లేదు. ఆ అంకెను చిన్న కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాడు.

బెయిలు లేదు కాబట్టి అక్క అయిదు నెలలు లోపలే ఉంది. తూకాలాయన ఒకసారి చూడటానికి వెళ్ళాడు. మనిషి సగమైంది. జాలీకి అవతల కూర్చుని, ముందుగా ఆమే మాట్లాడింది.

"తిన్నావా?"

"అక్కా, నేను జడ్జిగారికి చెప్పేస్తాను. పాకం కలపమన్నది నేనే, తిరిగివ్వమన్నది నేనేనని."

"నోర్ముయ్. ఉద్యోగం పోతుంది. నిన్ను కూడా లోపలేస్తారు. నీ పేరు నేనెవరికీ చెప్పలేదు, మా లాయరుకు కూడా చెప్పలేదు. సన్నగా ఉంటాడు, బాగా మాట్లాడతాడు. సర్కారువాళ్ళే పెట్టారు." ఆమె దగ్గరికి జరిగింది. "ఆయనొకటి అన్నాడురా. తూచినాయన్ని పిలిచి, ఇందులో మందెంత అని అడుగుతాడట. అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పు చాలు. ఆ కాసింత మందుకు ఎవరైనా జైల్లో పెడతారా? నువ్వు తూచావని తెలిశాక నాకు బెంగ తీరిపోయింది."

ఆ ప్రశ్న అడగనివ్వరని, అడగకుండా చేసింది తనేనని చెప్పడానికి తూకాలాయన నోరు తెరిచాడు. "సరే అక్కా" అన్నాడు. ఇంతకీ ఆ రోజు ఆయన అక్కడికి నిజం చెప్పేస్తానని బయల్దేరి, వద్దనిపించుకుని తిరిగొచ్చాడు. దారిలో కాస్త తేలికపడ్డాడు కూడా.

విచారణ రోజు ఎండ మండిపోతోంది. కోర్టు హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి లేదు. అక్క బోనులో నిలబడి ఉంది. తూకాలాయన సాక్షిగా ప్రమాణం చేసి, ఇది ఫలానా మందు కలిసిన మిశ్రమమని, బరువు వెయ్యిన్ని పదకొండు గ్రాములని చెప్పాడు. గొంతు వణకలేదు. త్రాసు ముందు నేర్చుకున్న నిలకడ అది.

సన్న లాయరు లేచాడు. ఈసారి మొహంలో వెటకారం లేదు.

"అయ్యా, తమరి తూకంలో తప్పు పట్టను. ఒక్కటే అడుగుతాను. ఈ సీసాలో మందెంత?"

ప్రభుత్వ లాయరు అప్పటికే లేచి నిలబడ్డాడు. "అభ్యంతరం. సవరించిన చట్టం ప్రకారం ఆ ప్రశ్న అడగకూడదు."

"ముసలామె, మొగుడు పోయిన మనిషి. తనంతట తాను తెచ్చి ఇచ్చింది. ఒక్క అంకె చెప్పనివ్వండి" అన్నాడు సన్న లాయరు.

తూకాలాయన చెయ్యి జేబులోకి పోయింది. కాగితం వేళ్ళకు తగిలింది. బోనులోంచి అక్క ఆయన వైపే చూస్తోంది, చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెబుతుంటే చూసినట్టు, వీడికి వచ్చు, చెప్పేస్తాడు అన్నట్టు. ఆయన పెదవులు కదిలాయి.

"సాక్షి జవాబు చెప్పనవసరం లేదు" అన్నారు జడ్జిగారు.

తూకాలాయన నోరు మూసుకున్నాడు. చెప్పనవసరం లేదన్నారు గానీ, చెబితే పీక కోస్తామనలేదు. అరిచి చెప్పినా మహా అయితే ఆ మాట కొట్టేసి, ఆయన్ని బయటికి పంపేవారు. అక్కకైనా వినిపించేది.

జడ్జిగారికి కూడా మనసులో ఏదో మెదిలినట్టుంది. కళ్ళజోడు పైనుంచి చూస్తూ అక్కను అడిగారు. "అమ్మా, మందును ఇలా పాకంలో, అదీ మొత్తం ఒకేసారి కలపమని నీకెవరైనా చెప్పారా? చెప్పి ఉంటే ఇప్పుడు చెప్పు. అలా చెప్పినవాళ్ళకు కూడా ఈ నేరంలో భాగం ఉంటుంది. నీ శిక్ష తగ్గించడానికి నాకు వీలుంటుంది."

తూకాలాయన సాక్షి బోను చెక్కను గట్టిగా పట్టుకున్నాడు. చెప్పెయ్యి అక్కా అని ఒక మనసు, చెప్పకు అని ఒక మనసు. రెండోదే గట్టిగా అరిచిందని ఆయనకు తెలుసు, ఇంకెవరికీ తెలియకపోయినా.

అక్క ఆయన వైపు చూడలేదు. చూస్తే దొరికిపోతాడని చూడలేదు.

"ఎవరూ చెప్పలేదండీ. నాకే తోచింది."

పదేళ్ళు వేశారు. అంతకంటే తగ్గించే అధికారం తనకు లేదని జడ్జిగారు రెండుసార్లు అన్నారు. అప్పటికి ఆమెకు అరవై మూడేళ్ళు. పోలీసులు తీసుకుపోతుంటే తమ్ముడి పక్కనుంచే వెళ్ళింది, పరిచయం లేని మనిషిని దాటినట్టు దాటి వెళ్ళింది. వరండాలో సన్న లాయరు ఫైళ్ళు సర్దుకుంటూ తూకాలాయనను ఆపి, "ఆ రోజు మిమ్మల్ని నవ్వులపాలు చేశాను. మనసులో పెట్టుకోకండి. ఈసారి మీ మీద వేలెత్తి చూపించడానికి ఏమీ దొరకలేదు" అన్నాడు. ఆయన నిజంగా మెచ్చుకోలుగానే అన్నాడు.

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు పెద్దలు. అదే నిజమైతే లోకం ఎంతో బాగుండును. మనం తీసిన గోతుల్లో తరచుగా మనవాళ్ళు పడతారు. మనం అంచున నిలబడి కొలతలు తీసుకుంటాం.

అప్పీలు కొట్టేసిన రెండు వారాలకు ప్రయోగశాలకు ఒక ఉత్తర్వు వచ్చింది. కేసు ముగిసినందున ఫలానా నంబరు గల మిశ్రమాన్ని సాక్షి సమక్షంలో నాశనం చేసి, ఆ సంగతి ధ్రువపరచవలసింది. తూకాలాయన బీరువాలోంచి సీసా తీశాడు. మూత దగ్గర పాకం గడ్డకట్టి ఉంటే వేడినీళ్ళు పోసి వదిలించాడు. సహాయకురాలు చేతులు కట్టుకుని పక్కన నిలబడింది.

ఆయన సింకులో పంపు తిప్పి, సీసా వంచాడు. పాకం ముందు మెల్లగా, తర్వాత ధారగా జారి నీళ్ళలో కలిసిపోయింది. పారబోసెయ్యనా అని అక్క ఫోనులో అడిగిన పని అది. నిమిషం కూడా పట్టలేదు. చీటీ తడిసి ఊడి, సింకు జాలీకి అడ్డం పడితే దాన్ని వేలితో తీసి చెత్తబుట్టలో వేశాడు. సీసాను అలవాటు ప్రకారం మూడుసార్లు కడిగి, బోర్లించి పెట్టి, కాగితం మీద సంతకం చేశాడు.